తాలు పెట్టె

ఆ ఎండాకాలం మా నాన్న వార్డు ఎన్నికల్లో నిలబడ్డాడు. నెల తిరక్కుండానే తప్పుకున్నాడు. నిలబడింది యూనియన్ వాళ్ళ మాట మీద, తప్పుకుంది నా మాట మీద. ఆ తర్వాత యూనియన్ వాళ్ళని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నన్నూ అనలేదు. అనలేదు కాబట్టే అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నాన్న నీళ్ళ సరఫరా విభాగంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పని మానినా చేతులు ఊరుకోవు కదా, రెండేళ్ళ పాటు మా ఇంట్లో బాగున్న కుళాయిలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. "కారని కుళాయికి మరమ్మతు చేసే మనిషిని మిమ్మల్నే చూశాను" అనేది అమ్మ. అలాంటి మనిషికి యూనియన్ వాళ్ళు తమ పార్టీ టికెట్ ఇచ్చి, పానా గుర్తు ఇప్పించి వీధుల్లోకి తోలారు. ఆయనకి పదేళ్ళ వయసు తగ్గింది. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఈల వేసుకుంటూ బయల్దేరేవాడు. గుర్తుకి గుర్తూ పనికి పనీ అన్నట్టు నిజం పానానే సంచిలో పెట్టుకుని తిరిగేవాడు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఓటడగడానికి ఏ ఇంటికి వెళ్ళినా ఆయన కళ్ళు ముందు వాళ్ళ కుళాయి మీద పడేవి. అది కారుతుంటే కూర్చుని వాషర్ మార్చేవాడు. మార్చి, చేతులు తుడుచుకుని, మరీ గట్టిగా తిప్పొద్దని ఇంటావిడకి నాలుగు జాగ్రత్తలు చెప్పి, ఓటడగడం మర్చిపోయి వచ్చేసేవాడు.

"ఇవాళెన్ని ఓట్లు అన్నయ్యా?" అని మేడమీద నుంచి బాబాయ్ అడిగేవాడు.

"ఆరు వాషర్లు" అనేవాడు నాన్న.

బాబాయ్ మా మేడమీది వాటాలో ఉండేవాడు. ఆస్పత్రి ఎదురుగా ఆయనకి మందుల షాపు ఉంది. పొద్దుటి కాఫీ మాత్రం మా ఇంట్లోనే, నాన్న పక్కన, గుమ్మం మెట్టు మీద. ఆ ఎన్నికల్లో ఆయన నర్సమ్మ తరఫున తిరుగుతున్నాడు. నర్సమ్మ అంటే ఆ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు చేసిన నర్సు, మా వీధుల్లో సగం మంది ఆమె చేత సూది పొడిపించుకున్నవాళ్ళే. ఆమెదీ చిన్న పార్టీయే. ఆమె చెప్పేదీ నాన్న చెప్పేదీ ఇంచుమించు ఒక్కటే: నీళ్ళు రోజూ రావాలి, మురుగు కాలవ మీద పలకలు వేయాలి. అవతల పక్క, పదేళ్ళుగా ఆ సీట్లో పాతుకుపోయిన కాంట్రాక్టరు ఉన్నాడు, పెద్ద పార్టీ మనిషి. అతని మీదికి ఇంకో పెద్ద పార్టీ ఒక బేకరీ యజమానిని నిలబెట్టింది. మొత్తం నలుగురు.

అన్నదమ్ములిద్దరూ చెరో జెండా పట్టుకుని ఒకే గుమ్మంలోంచి బయటికి వస్తుంటే వీధంతా వినోదంగా చూసేది. మొదటి రెండు వారాలూ వాళ్ళకీ అది వినోదంగానే ఉంది.

మూడో వారంలో ఒక పొద్దున బాబాయ్ కాఫీ గ్లాసు కింద పెట్టి, "అన్నయ్యా, నువ్వు తప్పుకోరాదూ" అన్నాడు.

నాన్న నవ్వాడు. "మీ నర్సమ్మనే తప్పుకోమనరాదూ?"

"ఆవిడకి నీకంటే ఎక్కువ పడతాయి. నీకూ తెలుసు. నీ ఓట్లు కూడా ఆవిడకి కలిస్తే కాంట్రాక్టరు ఇంటికెళ్తాడు. మనలో మనం చీల్చుకుంటే వాడికి ఇంకో ఐదేళ్ళు రాసిచ్చినట్టే."

"నా ఓట్లు ఆవిడకే పోతాయని నీకెవరు చెప్పార్రా?"

బాబాయ్ నా వైపు చూశాడు. నాన్నా చూశాడు. "అదిగో, లెక్కల మనిషి ఇంట్లోనే ఉందిగా. అదే చెబుతుంది" అన్నాడు నాన్న. "లెక్క ఎలా ఉంటే అలా చేస్తాను. తప్పుకోడానికి వచ్చే బుధవారం మూడింటి దాకా గడువుంది."

ఆయన అన్నాడంటే చేస్తాడు. అందుకే నాకు భయం వేసింది.

నేను పనిచేసేది ఒక చిన్న సర్వే ఆఫీసులో. కుట్టు మిషన్లు బాగుచేసే షాపు పైన మూడు గదులు. మా సార్, కంప్యూటర్లోకి ఫారాలు ఎక్కించే ఇద్దరు, ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుకొచ్చే పదిమంది ఆడవాళ్ళు, గదులు కడిగే ఆయా, నేను. ఆ ఎన్నికలకి ఒక పత్రిక వాళ్ళు మా చేత వార్డులన్నిటా సర్వే చేయిస్తున్నారు. మా వార్డు నుంచి ఎనిమిది వందల నలభై ఫారాలు వచ్చాయి. "మీ నాన్నగారున్నారని నిన్ను పక్కన పెట్టనమ్మా. నీ లెక్క నేను ఇంకోసారి చూస్తాను, అంతే" అన్నారు సార్.

ఫారాలు రాగానే మొదటి పని వాటిని ఏరడం. నలుగురిలో ఎవరికి వేస్తారో చెప్పినవాళ్ళవి ఒక దొంతర. "ఎవరికీ వెయ్యను", "అసలు పోను", "నాకెందుకొచ్చిన గొడవ" అన్నవాళ్ళవి ఒక అట్టపెట్టెలోకి. ఆ పెట్టెకి తాలు పెట్టె అని పేరు పెట్టింది నేనే. లోపల గింజ లేనివి కదా అని. ఆఫీసులో అందరూ నవ్వారు, పేరు అలాగే నిలిచిపోయింది. ఇంట్లో చెబితే నాన్న కూడా నవ్వాడు. నాకు కాస్త గర్వంగానే ఉండేది. మా వార్డువి నూట పన్నెండు ఫారాలు తాలు పెట్టెలోకి పోయి, ఏడు వందల ఇరవై ఎనిమిది మిగిలాయి. కాంట్రాక్టరుకి రెండు వందల ముప్పై ఆరు, నర్సమ్మకి నూట తొంభై, బేకరీ ఆయనకి నూట అరవై రెండు, నాన్నకి నూట నలభై.

ఇక మోడల్ ఎంచుకోవాలి. ఇలాంటి వయసు, ఇలాంటి పని, ఇలాంటి అభిప్రాయాలు ఉన్న మనిషి ఎవరికి వేస్తాడో అంచనా కట్టే సూత్రాన్ని మా పనిలో మోడల్ అంటాం. మా దగ్గర రెండుండేవి. పుస్తకాల్లో వాటి పేర్లు లాజిట్, ప్రాబిట్. మేం వాటిని తొందరది, తాపీది అనేవాళ్ళం. తొందరది మనం కాఫీ తాగి వచ్చేలోగా జవాబు చెప్పేస్తుంది. తాపీది మా పాత కంప్యూటర్ మీద రెండ్రోజులు నడుస్తుంది. ఒక్కోసారి రెండ్రోజులూ నడిచి, నా వల్ల కాదని చేతులెత్తేస్తుంది కూడా.

"ఎవరు గెలుస్తారని అడిగితే రెండూ ఒకటే చెబుతాయి. పత్రికకి అది చాలు, తొందరదే వెయ్యి" అన్నారు సార్.

"ఎవరైనా తప్పుకుంటే ఏమవుతుందని అడిగితే సార్?"

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. నేనెవరి గురించి అడుగుతున్నానో ఆయనకి తెలుసు.

"అక్కడొస్తుంది తేడా. తొందరదానికి ఎవరు ఎవరికి దగ్గరో తెలీదమ్మా. ఒకరు తప్పుకుంటే ఆ ఓట్లు మిగతావాళ్ళకి ఎవరి బలం కొద్దీ వాళ్ళకి పంచేస్తుంది. ఎక్కువున్నవాడికి ఎక్కువ, తక్కువున్నవాడికి తక్కువ. తాపీది అయితే పోలికలు చూస్తుంది. ఇద్దరు ఒకలాంటి వాళ్ళయితే ఒకరి ఓట్లు ఇంకొకరికి జరుగుతాయని దానికి తెలుసు."

"మరి దేన్ని నమ్మాలి?"

"ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాత మోడల్. మనవాళ్ళు చాలామంది ముందు జవాబు తేల్చుకుంటారు" అని ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన కాగితాల్లో పడిపోయారు.

నేను తొందరదే వేశాను.

ఆదివారం పత్రికలో అంకెలు అచ్చయ్యాయి. ఆ పొద్దున మెట్టు మీద ఇద్దరి మధ్యా కూర్చుని నా లెక్క చెప్పాను. నాన్న తప్పుకుంటే ఆ నూట నలభైలో కాంట్రాక్టరుకి యాభై ఆరు, నర్సమ్మకి నలభై ఐదు, బేకరీ ఆయనకి ముప్పై తొమ్మిది. అంటే కాంట్రాక్టరుకి మెజారిటీ పెరుగుతుందే గానీ తగ్గదు. నాన్న ఉన్నా లేకపోయినా గెలిచేది అతనే.

"నీళ్ళు రాక చచ్చి, ఫిట్టరుకి వేద్దామనుకున్నవాళ్ళు, ఫిట్టరు లేకపోతే వెళ్ళి ఆ కాంట్రాక్టరుకి వేస్తారా?" అన్నాడు బాబాయ్. ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"మోడల్ అలా చెప్పింది బాబాయ్."

"విన్నావుగా. నేనెవరికీ అడ్డం కాదు" అన్నాడు నాన్న. ఆయన ముఖం వెలిగిపోయింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ పూట చెప్పేదాన్ని నేను. బాబాయ్ సగం కాఫీ గ్లాసులోనే వదిలేసి మేడ మీదికి వెళ్ళిపోయాడు. నేను అబద్ధమేమీ చెప్పలేదు. మోడల్ ఎంచుకున్నాను, అంతే. నాన్న మళ్ళీ ఆ బాగున్న కుళాయిల దగ్గర చతికిలబడటం నేను చూడలేను. ఈల వేసుకుంటూ బయటికి వెళ్ళే మనిషిని ఇంకో రెండు వారాలైనా చూడాలని నా ఆశ. దానికి ఏ లెక్క కావాలో ఆ లెక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

అమ్మ దారాలూ గుండీలూ అమ్మే షాపులో పనిచేసేది. మా మాటలన్నీ లోపల్నుంచి వింటూనే ఉంది. నేను గ్లాసులు లోపలికి తెస్తే, "ఏమే, ఒక మాటడుగుతా చెప్పు" అంది. "మా షాపులో నీలం దారం అయిపోయింది. దానికోసం వచ్చినావిడ ఏం చేస్తుంది?"

"వేరేది తీసుకుంటుంది."

"ఏది?"

నేను గ్లాసులు తొట్టిలో పెట్టాను.

"ముదురు నీలం తీసుకుంటుంది. షాపులో ఎర్ర దారం ఎక్కువ అమ్ముడుపోతోంది కదా అని నీలం గుడ్డకి ఎర్ర దారం పట్టుకుపోదు." అమ్మ గ్లాసులు కడుగుతూనే అంది. "పోనీ, ఇంత తిరుగుడెందుకు? ఈయన లేకపోతే ఎవరికి వేస్తారని ఆ నూట నలభై మందినీ అడిగితే సరిపోయేదిగా."

"ఆ ప్రశ్న ఉండేదమ్మా. ఫారం ఒక్క పేజీలో పట్టలేదని తీసేశాం."

అమ్మ తడి చేత్తోనే నుదురు కొట్టుకుంది.

నాకు సిగ్గేసింది. చదువుకున్న నేను రెండ్రోజులు పడుతుందని దాటవేసిన సంగతి మా అమ్మ రెండు దారపు ఉండలతో తేల్చేసింది. ఆ మధ్యాహ్నమే ఆఫీసు తాళాలు తీసుకుని వెళ్ళి తాపీదాన్ని మొదలుపెట్టాను. కంప్యూటర్ మీద "దయచేసి ముట్టుకోవద్దు" అని చీటీ అంటించాను.

సోమవారం పొద్దున వెళ్ళేసరికి తెర నల్లగా ఉంది. దాని పక్కన ఫ్యాను గిరగిరా తిరుగుతూ కడిగిన నేలని ఆరబెడుతోంది.

"కంప్యూటర్ ఎందుకు ఆపావు ఆయమ్మా? చీటీ చూడలేదా?"

"చూశానమ్మా. అందుకే దాని జోలికి పోలేదు. ప్లగ్గొక్కటే పీకాను" అంది ఆయా, తనకే అన్యాయం జరిగినట్టు.

ఎవరిని ఏమనను? మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను. ఆ రెండ్రోజులూ ఆ ప్లగ్గుకి కాపలా ఉన్నాను. నా భోజనం కూడా ఆ బల్ల మీదే. నిజం చెప్పాలంటే మంగళవారం నాడు అది చేతులెత్తేస్తే బాగుణ్ణని కూడా అనుకున్నాను. అప్పుడు నా తప్పేమీ ఉండదు కదా. అది చేతులెత్తలేదు. బుధవారం పదకొండింటికి జవాబు ఇచ్చింది.

నాన్న తప్పుకుంటే ఆ నూట నలభైలో నర్సమ్మకి తొంభై ఐదు. కాంట్రాక్టరుకి ఇరవై రెండు. బేకరీకి ఇరవై మూడు. నర్సమ్మ రెండు వందల ఎనభై ఐదుతో పైకి వస్తుంది, కాంట్రాక్టరు రెండు వందల యాభై ఎనిమిది దగ్గర ఆగిపోతాడు.

కాగితం సార్‌కి చూపించాను. ఆయన రెండుసార్లు చూశారు. "లెక్క సరిగ్గానే ఉంది" అన్నారు. ఆ తర్వాత గోడ గడియారం వైపు చూసి, "ఇంకో అరగంటకి గానీ బస్సు లేదు. నడిచే వెళ్ళు, తొందరగా చేరతావు" అన్నారు.

నేను వెళ్ళేసరికి నాన్న అప్పుడే తిరిగొచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. సంచి మెట్టు మీద ఉంది.

"నాన్నా, ఆదివారం చెప్పింది తొందర లెక్క. ఇంకో లెక్క వేశాను" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. దారపు ఉండలతో సహా చెప్పాను. ఆయన తువ్వాలుతో ఒక్కో వేలే తుడుచుకుంటూ విన్నాడు.

"తొంభై ఐదా?"

"ఇంచుమించు."

"గెలుస్తుందా?"

"గెలుస్తుంది."

"ఈ సంగతి ఆదివారం నీకు తెలీదూ?"

"తెలుసుకోగలిగేదాన్నే. తెలుసుకోలేదు."

"ఎందుకని?"

"నువ్వు నిలబడి ఉంటే బాగుంది నాన్నా."

ఆయన తలూపాడు. "అవును, బాగుంది" అన్నాడు. తువ్వాలు తీగ మీద ఆరేసి, చొక్కా మార్చుకుని వస్తానని లోపలికి వెళ్ళాడు.

రెండున్నరకి ఎన్నికల ఆఫీసులో ఉన్నాం. అక్కడి గుమస్తా ఒక ఫారం ఇచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో చూపించాడు. నాన్న తన పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు స్టాపు దగ్గర పానా సంచి నా చేతికిచ్చి, "ఇది కాస్త పట్టుకో, బరువుగా ఉంది" అన్నాడు. ఆ సంచి ఆయన ఏనాడూ ఎవరి చేతికీ ఇచ్చి ఎరగడు.

ఆ సాయంత్రం బాబాయ్ వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు. నర్సమ్మ కూడా వచ్చింది. "మీ రుణం ఉంచుకోను" అంది. "నా రుణమేముంది, ఆ కాలవ మీద పలకలు వేయించండి చాలు" అన్నాడు నాన్న. రేపట్నుంచి లైన్లలో తమతో తిరగమని బాబాయ్ అడిగాడు. లైన్లంటే నీళ్ళ విభాగం పనివాళ్ళ ఇళ్ళు, నాన్న ఓట్లలో ముప్పాతిక అక్కడివే. "చూద్దాంలేరా" అన్నాడు నాన్న.

ఆయన వెళ్ళలేదు. యూనియన్ మనుషులు ఒకరిద్దరు గుమ్మం దాకా వచ్చి, ఏం చెయ్యమంటావని అడిగి వెళ్ళారు. వాళ్ళకి ఏం చెప్పాడో నేను వినలేదు. నాకు తీరిక లేదు, ఇంకో పది వార్డుల లెక్కలున్నాయి. నేను గమనించిందల్లా ఒకటే, గడ్డం గీసుకోవడం మానేశాడు.

పోలింగు రోజు నేనూ అమ్మా ఎనిమిదింటికే బయల్దేరాం. నాన్న వరండాలో పాత పత్రిక పరుచుకుని స్నానాలగది కుళాయి విప్పి కూర్చున్నాడు.

"రావా నాన్నా?"

"మీరు పదండి. ఎండ తగ్గాక వెళ్తాను."

మేం తిరిగొచ్చేసరికి కుళాయి ఇంకా ముక్కలుగానే ఉంది. సాయంత్రానికి బిగించేశాడు. వెళ్ళావా అని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు, నాతో సహా.

రెండ్రోజులకి ఓట్లు లెక్కపెట్టారు. కాంట్రాక్టరు ఇరవై మూడు ఓట్లతో గెలిచాడు.

మర్నాడు పొద్దున బాబాయ్ కిందికి దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేడు. "ఇరవై మూడమ్మా" అన్నాడు నాతో. "వేలల్లో పోతే పోయిందనుకుంటాం. లైన్లలో సగం మంది ఇళ్ళలోంచి కదల్లేదు. ఒక్క బస్సెడు మంది వచ్చినా సరిపోయేది. మీరు ముగ్గురూ వేశారు, మా షాపు వాళ్ళు వేశారు, ఇంకెవర్ని తెచ్చేది?"

నాన్న పత్రిక చదువుతున్నాడు. రెండు చేతులతో విప్పి పట్టుకున్నాడు. బాబాయ్ వేలి మీద సిరా చుక్క ఉంది. నా వేలి మీదా అమ్మ వేలి మీదా ఉంది. ఎంత రుద్దినా నెలరోజులకి గానీ పోని సిరా అది. పత్రిక అంచు మీద ఆనిన నాన్న ఎడమ చూపుడువేలు, గోటితో సహా, శుభ్రంగా ఉంది.

నేను చూశాను. అమ్మ కూడా చూసింది. అమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయ్ చూడలేదు. ఇన్నేళ్ళయినా ఆయనకి నేను చెప్పలేదు.

ఆ రోజు ఆఫీసుకి వెళ్ళగానే తాలు పెట్టె నా బల్ల మీద పెట్టుకుని, మొదటిసారి అందులోని ఫారాలు ఒక్కొక్కటే చదివాను. నూట పన్నెండు. ముప్పాతిక భాగం లైన్లవే. ఫిట్టర్లు, మీటరు చూసేవాళ్ళు, పంపు దగ్గర పనిచేసేవాళ్ళు. అంచుల్లో మా ఆడవాళ్ళు చిన్న అక్షరాలతో వాళ్ళ మాటలు రాసుకొచ్చారు. "ఎవరొచ్చినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటున్నాడు." "పోయినసారి రెండు గంటలు నిలబడ్డానంది, ఇక నిలబడదట." నాన్నకి వేస్తామన్న నూట నలభై ఫారాలూ తీసి పక్కన పెట్టుకున్నాను. అవే వయసులు, అవే పనులు, అవే కోపాలు. అన్నీ ఒక గూటి పక్షులే. తేడా ఒక్కటే: తమలో ఒకడు నిలబడ్డాడు కాబట్టి ఈ నూట నలభై మందీ ఈసారికి వెళ్దామనుకున్నారు. ఆయన తప్పుకున్నాక వాళ్ళకి దగ్గరగా ఉన్నది నర్సమ్మ ఒక్కతే కాదు. వాళ్ళ ఇల్లు ఇంకా దగ్గర.

ఎనిమిది వందల నలభై ఫారాలూ కలిపి, ఇంట్లో ఉండిపోవడాన్ని ఐదో అభ్యర్థిలా నిలబెట్టి, తాపీదాన్ని మళ్ళీ రెండ్రోజులు నడిపాను. ఈసారి నాన్న నూట నలభైలో నర్సమ్మకి అరవై, కాంట్రాక్టరుకి పద్నాలుగు, బేకరీకి పది వచ్చాయి. యాభై ఆరుగురు ఇంట్లో ఉండిపోయారు. నర్సమ్మకీ కాంట్రాక్టరుకీ చెరో రెండు వందల యాభై. ఎవరు గెలుస్తారో ఏ మోడలూ చెప్పలేనంత దగ్గర.

కాగితం తీసుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టాను. "మోడల్ తప్పు కాదమ్మా. మనం దానికిచ్చిన జాబితా తప్పు" అన్నారు ఆయన. "నువ్వు ఈ పెట్టెకి పేరు పెట్టినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది నేను." ఆయన లేచి, పెట్టె అడుగు చింపి బల్లపరుపుగా మడిచి, గోడకి ఆనించారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న మెట్టు మీద ఒక్కడే ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఎందుకు వెళ్ళలేదు నాన్నా?"

ఆయన తన వేలు చూసుకున్నాడు. దాచుకోవాలని చూడలేదు.

"బయల్దేరుదామనే అనుకున్నా. చొక్కా కూడా తీసి పెట్టుకున్నా" అన్నాడు. "నర్సమ్మ మంచి మనిషే. కానీ ఆ కాగితం మీద పానా లేకుండా చూడాలనిపించలేదు. లైన్ల నుంచి వచ్చినవాళ్ళు ఏం చెయ్యమంటావని అడిగారు. మీ ఇష్టం అన్నాను. అంతకంటే నోరు రాలేదు." నా వైపు తిరిగాడు. "నా ఓట్లన్నీ ఎటు పోతాయో చెప్పావు. నేనెటు పోతానో అడగలేదు కదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, "నీ ఒక్కదానిదే కాదులే. తిలాపాపం తలా పిడికెడు" అన్నాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని నా సంచిలోంచి ఒక ఫారం తీశాను. ఆ మధ్యాహ్నమే టైపు చేయించింది. ఒకటికి రెండు పేజీలైంది.

"ఇప్పుడడుగుతాను. చెబుతారా?" అన్నాను, మా ఆడవాళ్ళు గుమ్మాల దగ్గర అడిగినట్టే, మీరూ గారూ పెట్టి.

"అడగండి" అన్నాడు నాన్న, సర్దుకుని కూర్చుంటూ.

"మీ వయసు?"

"నీకు తెలీదూ?"

"అడగాలండి, రూలు."

"అరవై రెండు."

"వృత్తి?"

"ఫిట్టరు."

"రిటైరయ్యారని రాయనా?"

"నువ్వడిగింది వృత్తి."

ఫిట్టరు అనే రాశాను. "మళ్ళీ ఇవాళే ఎన్నికలైతే, ఈ ఐదింటిలో దేన్ని ఎంచుకుంటారు?" అని పేర్లు చదివాను. ఒకటి కాంట్రాక్టరు, రెండు నర్సమ్మ, మూడు బేకరీ, నాలుగు పానా. "ఐదు, ఎవరికీ వెయ్యను, ఇంట్లో ఉంటాను."

"ఈ ఐదోది ఇదివరకు లేదుగా?"

"లేదు."

"నాలుగోది కొట్టేస్తే?"

రెండో పేజీ తిప్పి చూపించాను. మేం ఒకప్పుడు తీసేసిన ప్రశ్న అక్కడుంది: మీరు ఎంచుకున్నవారు పోటీలో లేకపోతే ఏం చేస్తారు? దాని కింద మళ్ళీ అవే ఐదు గడులు.

ఆయన కళ్ళజోడు తెచ్చుకుని రెండు పేజీలూ మొదట్నుంచి చివరి దాకా చదివాడు. నా చేతిలో పెన్ను తీసుకుని మొదటి పేజీలో నాలుగో గడిలో, రెండో పేజీలో ఐదో గడిలో గుర్తు పెట్టాడు. ఎన్నికల ఆఫీసులో సంతకం పెట్టినంత నిదానంగా పెట్టాడు.

"దీన్ని ఆ తాలు పెట్టెలో పడేస్తావా?" అన్నాడు, కాగితం ఇంకా తన చేతిలోనే ఉంచుకుని.

"ఆ పెట్టె తీసేశాం నాన్నా."

"మరెక్కడ పెడతావు?"

"అందరితో పాటే."

అప్పుడు ఇచ్చాడు. ఫారం మోకాలి మీద పెట్టుకుని, పై మూలలో నంబరు వేశాను. ఎనిమిది వందల నలభై ఒకటి.